ఒకటి దగ్గర ఆలస్యం

మా తోడికోడలు రవళి చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే పోయినేడు వానాకాలమంతా నేను ఆమెను చూసి కుళ్ళుకున్నంతగా ఈ అమీర్‌పేటలో ఎవరూ ఎవరినీ చూసి కుళ్ళుకుని ఉండరు. చెడ్డదైతే నా పని సులువయ్యేది. నాలుగు తిట్లు తిట్టుకుని హాయిగా పడుకునేదాన్ని.

అదంతా మా రిషిగాడి డ్రమ్స్ పరీక్షతో మొదలైంది. వాడికి పన్నెండు దాటి పదమూడు నడుస్తోంది. పంజగుట్టలో ఒక సంగీతం స్కూల్లో డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు. వినాయక నిమజ్జనం అయ్యాక గ్రేడ్ త్రీ పరీక్ష. ఇంగ్లండ్ నుంచి పరీక్ష పెట్టేవాళ్ళు వస్తారట. మూడు పీసులు, ఒక్కోదాన్ని రికార్డు పాటతో కలిపి వాళ్ళ ముందు వాయించాలి. పాట తన దారిన తాను పోతూ ఉంటుంది, వీడు తప్పిపోకుండా దాని వెంట పోవాలి.

ఇంట్లో డ్రమ్స్ లేవు. మాది పాత ఇంట్లో పై పోర్షన్. డ్రమ్స్ తెచ్చిపెడితే కింది వాళ్ళు మమ్మల్ని సామానుతో సహా రోడ్డు మీద పెడతారు. అందుకని ఒక రబ్బరు ప్యాడు, రెండు పాత దిండ్లు, ఒక స్టీలు డబ్బా మూత. ప్యాడు చిన్న డ్రమ్ము, దిండ్లు పెద్దవి, మూత తాళాలు. కుడికాలు నేలకేసి తన్నితే అది అన్నిటికంటే పెద్ద డ్రమ్ము.

లెక్కపెట్టే పని నాది. మా ఆయన కమలాకర్‌కు మ్యాచింగ్ సెంటరుంది, జాకెట్ ముక్కలు, ఫాల్స్ అమ్ముతాడు. అక్కడికి వచ్చే చీరలకు ఫాల్స్ కుట్టేది నేను. మిషన్ ముందు కూర్చుని చీర అంచు తిప్పుకుంటూ "ఒకటీ, రెండు, మూడు, నాలుగూ" అంటుంటే, వాడు కింద చాప మీద కూర్చుని కొట్టేవాడు. నేను ఆగితే వాడూ ఆగేవాడు. సూది విరిగిందంటే వాడి పాట కూడా మధ్యలో ఆగిపోవలసిందే. నాకు సంగీతం రాదు, ఆ పుస్తకంలో చీమల్లాంటి గుర్తులూ చదవడం రాదు. అయినా నేను లేకుండా వాడి చేయి లేచేది కాదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఒంటి నిండా గర్వంగా ఉండేది.

మా అత్త పోశవ్వ మంచం మీద నుంచి, "తల్లికొడుకులు కల్సి సాంచా నడిపిస్తున్నరు," అనేది. సాంచా అంటే మరమగ్గం. సిరిసిల్లలో ఆ చప్పుడు మధ్య బతికిన మనిషి. ఆమెకు ఇదొక చప్పుడే కాదు.

రవళి ఆ ఎండాకాలమే ఇంట్లోకి వచ్చింది. మా మరిది తారక్ భార్య, హన్మకొండ పిల్ల. మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో ఉద్యోగం. సాయంత్రానికల్లా ఇల్లు చేరి, బట్టలు మార్చుకుని, "అక్కా, ఏమన్న చెయ్యాల్నా?" అని వంటింటి గుమ్మంలో నిలబడేది. నిజంగానే చేసేది కూడా.

బోనాలప్పుడు ఒక శనివారం పొద్దున్నే వాన పట్టుకుంది. నా స్కూటీ మొరాయించింది. రిషిని క్లాసుకు తీసుకుపోవాలి. రవళికి సెలవు, పంజగుట్టలో ఏదో కొనుక్కోవాలంటూ ఆటో బుక్ చేసి తనూ ఎక్కింది. ఆ రోజు ఆ స్కూటీ స్టార్టయి ఉంటే ఈ కథ లేదు.

క్లాసులో రిషి మొదటి పీసు వాయించాడు. వాళ్ళ అనుదీప్ సార్, సార్ అంటే పెద్దవాడనుకునేరు, జుట్టు వెనక్కి ముడేసుకున్న కుర్రాడు, పాట ఆపేశాడు.

"ఆంటీ, మీవాని చేతులు మస్తుగున్నయ్. గని ప్రతి లైనుల ఒకటి కాడ లేటైతుండు. నాలుగు నుంచి ఒకటికి పోవాలంటే ఆటో కోసం నిలవడ్డట్టే ఉంది." తర్వాత రిషి వైపు తిరిగి, "ఇంట్ల ఎట్ల లెక్కపెడ్తవ్ రా?" అన్నాడు.

రిషి రవ్వంత కూడా ఆలోచించలేదు. అచ్చం నా గొంతుతో "ఒకటీ... రెండు, మూడు, నాలుగూ..." అన్నాడు. ఆ సాగదీత, దారం పళ్ళతో తెంపేటప్పుడు నేను మధ్యలో ఆపే ఊపిరి, అన్నీ దించేశాడు. అక్కడున్న పిల్లలంతా నవ్వారు. సార్ నవ్వాడు. రవళి చేయి అడ్డం పెట్టుకుంది గానీ ఆమె భుజాలు కదలడం నాకు కనబడింది.

నవ్వు ఆగాక రవళే అంది. "సార్, ఒకటి అంటే మూడక్షరాలు గదా. వీడు 'టి' కాడ కొడ్తుండు. 'ఒ' కాడనే పడాలె దెబ్బ. వన్ అంటే ఆ తిప్పలుండదు, ఒక్క దెబ్బకైపోతది."

"కరెక్ట్ పట్టిన్రు మేడం," అన్నాడు అనుదీప్ సార్.

నన్ను ఆంటీ అన్న నోటితోనే ఆమెను మేడం అన్నాడు. సరే, అది వదిలేద్దాం. రవళి చెప్పింది ముమ్మాటికీ నిజం. అక్కడికక్కడే వాడితో "వన్ టూ త్రీ ఫోర్" అనిపించి కొట్టిస్తే, దెబ్బ పోయి సరిగ్గా పాట మీద పడింది. రిషి కళ్ళు పెద్దవి చేసుకుని మా ఇద్దరినీ చూశాడు. ముందు ఆమెను చూశాడు, తర్వాత నన్ను.

హన్మకొండలో మిషనరీ స్కూల్లో చదివినప్పుడు పాటల గుంపులో ఉండేదట, కీబోర్డు నేర్చుకుందట, ఆ చీమల గుర్తులన్నీ చదువుతుందట. ఇవన్నీ తిరుగు ఆటోలో తెలిశాయి.

"అక్కా, మీకు ఫాల్స్ పని మస్తుంటది గదా. సాయంత్రం నేను కూసుంట వాని కాడ," అంది.

"నీ ఇష్టం," అన్నాను.

ఆడవాళ్ళ నోట నీ ఇష్టం అనే మాట వస్తే దానికి అర్థమేమిటో ఆ మిషనరీ స్కూల్లో చెప్పలేదేమో. "సరే అక్కా," అని సంతోషంగా తలూపింది.

అప్పటి నుంచి ప్యాడు, దిండ్లు, మూత రవళి గదిలోకి మారిపోయాయి. సాయంత్రమయ్యేసరికి ఆ గదిలో నుంచి ఫోను టిక్కు టిక్కుమనేది, దాని మీద వాడి దెబ్బలు, మధ్యలో ఇద్దరి నవ్వులు. నేను మిషన్ తొక్కుకుంటూ ఆ నవ్వులు వినేదాన్ని. ఏమని నవ్వుతున్నారో తెలియకపోతే మనల్ని చూసే నవ్వుతున్నారనిపిస్తుంది. మా అత్త కూడా గమనించి, "పోరనికి కొత్త మోజు పట్టింది, పోతది తియ్," అంది. ఓదార్పుగానే అంది గానీ నాకు ఒళ్ళు మండిపోయింది.

నేనేం తక్కువ తినలేదు. వాళ్ళు కూర్చునే వేళకు చట్నీ రుబ్బడం మొదలుపెట్టేదాన్ని, చట్నీ నీళ్ళయిపోయేదాకా మిక్సీ ఆపేదాన్ని కాదు. సర్వపిండి వాసన వస్తే వాడు ఏ పని మీదున్నా లేచి వస్తాడని గిన్నెకు అద్ది కాల్చాను. వచ్చాడు. వేడి వేడి ముక్క తీసుకుని, "చిన్నమ్మకు సుత ఇయ్యి," అని ఇంకో ముక్క పట్టుకుని వెళ్ళిపోయాడు. నూనె తక్కువేసి కాల్చిన నా చేతులనే తిట్టుకున్నాను. నూనె ఎక్కువేసి ఉంటే ఆమె తినేది కాదు, ఆమెకు పడదు.

ఇంకా సిగ్గు లేని మాటొకటి చెప్తాను. బాత్రూంలో నల్లా విప్పి, ఆ చప్పుట్లో "వన్ టూ త్రీ ఫోర్" అని అనుకుని చూశాను. నా నోట అది "వన్నూ" అయి కూర్చుంది.

పరీక్షలో పాసవుతాడా అవడా అన్నది మా ఆయన దిగులు. నా దిగులు అది కాదు. పరీక్ష గది తలుపు తెరుచుకున్నాక వాడు మొదట ఎవరి దగ్గరికి వస్తాడు? నా దగ్గరికా, ఆమె దగ్గరికా? రోజూ ఫాల్ కుడుతూ ఆ తలుపును ఊహించుకునేదాన్ని. ఊహలో ఒక్కోసారి నేను గెలిచేదాన్ని.

వినాయక చవితి వచ్చింది. మా గల్లీ మొదట్లో మండపం లేచింది, పెట్టెలంత స్పీకర్లు పెట్టారు. గల్లీ పిల్లలంతా తీన్‌మార్‌కు ఎగురుతుంటే మావాడు మాత్రం రవళి గదిలో కిటికీలు మూసుకుని మూడో పీసు పట్టుకున్నాడు. అందులో ఒక తిరకాసు ఉంది. మధ్యలో డ్రమ్స్ పూర్తిగా ఆగిపోతాయి, పాట మాత్రం సాగుతుంది. అంతసేపూ చేతులు గాల్లో పెట్టుకుని లోపల లెక్కపెట్టుకుని, మళ్ళీ సరిగ్గా ఒకటి దగ్గర దిగాలి. వాడు కాస్త ముందో వెనకో దిగేవాడు.

ఒక సాయంత్రం మండపానికి పులిహోర మా వంతు. పోపు పెడుతున్నాను. గదిలో నుంచి వాడి గొంతు వినబడింది.

"అమ్మా, వచ్చింది. అమ్మా, ఇటు చూడు."

గరిటె వదిలేసి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను. ఎన్నాళ్ళకు పిలిచాడు అనుకున్నాను. గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి వాడి వీపు నా వైపుంది. చేతుల్లో స్టిక్స్ పైకెత్తి ఉన్నాయి. రవళి ముఖంలోకి చూస్తున్నాడు.

వాడి తల మీదుగా రవళి నన్ను చూసింది.

"అమ్మను పిలువు, ఆమె సుత చూస్తది," అంది మెల్లగా.

"ఆఁ, పిలుస్త. ఇంకోసారి కొట్టినంక," అన్నాడు వాడు. తానేమన్నాడో వాడికి తెలియనే లేదు.

నేను వెనక్కి వచ్చేశాను. పోపు మాడిపోయింది. ఆ మాడిన పోపుతోనే పులిహోర కలిపాను. మండపంలో ఎవరూ ఏమీ అనలేదు, మా ఆయన కూడా రెండోసారి వడ్డించుకున్నాడు.

తింటున్నప్పుడే ఆయనకు చెప్పాను. "పోరనికి నోరు జారింది. దానికి గింత మొహం పెట్టుకునుడేంది నవీనా?" అన్నాడు. "తారక్‌ను సుత అప్పుడప్పుడు నాన్న అంటడు. నేనేమన్న ఏడుస్తున్ననా?"

"నువ్వు వాన్ని మోసినవా?" అన్నాను. ఆయన మూడోసారి పులిహోర వడ్డించుకున్నాడు.

మర్నాటి నుంచి రవళి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ఆఫీసులో పని ఎక్కువుందంది. వచ్చాక కూడా తలనొప్పనేది. గెలిచాననుకున్నాను, రెండు పూటలు మనసారా తిన్నాను కూడా. రిషి మళ్ళీ ప్యాడు తెచ్చుకుని నా మిషన్ పక్కన కూర్చున్నాడు. ఫోను టిక్కు పెట్టుకుని ఒక్కడే కొట్టుకున్నాడు. మూడో పీసులో ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి చేతులు గాల్లోనే ఉండిపోయేవి. నేను నోరు విప్పబోతే, "నువ్వు అనకు అమ్మా, తప్పిపోత," అనేవాడు.

అలా కొన్నాళ్ళు చూసి, ఒకరోజు స్టిక్స్ కింద పెట్టి అడిగాడు. "చిన్నమ్మ ఎందుకు వస్తలేదు? నువ్వేమన్న అన్నవా?"

"నేనేమంట?"

"అనకున్న సరే. నీ మొహం చూస్తెనే తెలుస్తది."

పదమూడేళ్ళు నిండని పిల్లవాడి నోట ఆ మాట విని నేను మిషన్ మీద నుంచి లేచాను. కోపంతో కాదు. వాడు చెప్పింది నిజమని సిగ్గేసింది. పరీక్ష దగ్గర పడింది, వాడి చేతులు గాల్లో వేలాడుతున్నాయి, నేనేమో నా అలకను పెంచి పోషిస్తున్నాను. అలా అని అలక పోలేదు. దాన్ని వెంటబెట్టుకునే రవళి గది తలుపు కొట్టాను.

రవళి ఆఫీసు పనేమీ చేయడం లేదు. ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది.

"వానికి మూడో పీసుల ఆ ఖాళీ దొరుకుతలేదంట. జర చూడు," అన్నాను.

"మీకు ఇష్టమేనా అక్కా?"

"ఇష్టం లేదు. అయినా చూడు."

రవళి చేతిలోని బట్ట పక్కన పెట్టింది. "ఆ రోజు వాడు అమ్మా అంటే నాకేం చెయ్యాల్నో తెల్వలే అక్కా," అంది. "అబద్ధమెందుకు, మంచిగనిపించింది. మిమ్మల్ని చూసినంక భయమైంది. అందుకే దూరమున్న."

ఆ మంచిగనిపించింది అన్న మాట దాచుకుని ఉంటే బాగుండేది. కానీ నా మొహం మీద చెప్పిందే అని కూడా అనిపించింది. ఇంత కుళ్ళు పెట్టుకుని నేను ఒక్కసారైనా ఆమె మొహం మీద చెప్పానా?

"మీరు సుత వచ్చి కూసోన్రి," అంది.

వెళ్ళి కూర్చున్నాను. మిగిలిన సాయంత్రాలు అలాగే గడిచాయి. మధ్యలో వాడు, అటు ఆమె, ఇటు నేను. ఆమె చూపుడువేలితో తన మోకాలి మీద కొట్టుకునేది. నేను నోరు మూసుకుని కూర్చునేదాన్ని. నాకది ఎంత కష్టమో మా అత్తనడిగితే చెప్తుంది. ఖైరతాబాద్ గణపతి నిమజ్జనానికి సాగర్‌కు వెళ్ళిన రోజున గల్లీ అంతా ఖాళీ అయినా మేం ముగ్గురం ఆ గదిలోనే ఉన్నాం. ఆ రోజు వాడు సరిగ్గా ఒకటి దగ్గర దిగాడు. ఇద్దరం ఒకేసారి "శభాష్" అన్నాం, ఒకరినొకరు చూసుకుని చూపులు తిప్పేసుకున్నాం.

పరీక్ష రోజు మధ్యాహ్నం పంజగుట్ట వెళ్ళాం. రవళి సగం రోజు సెలవు పెట్టింది. నేను పట్టుచీర కట్టుకోబోయి, పెళ్ళా ఏమన్నా అని మా అత్త అడిగితే మార్చుకున్నాను. ఫ్లైఓవర్‌కు దగ్గర్లో ఒక బిల్డింగు పై అంతస్తు, పొడుగాటి వరండా, ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లులూ తండ్రులూ. రిషి పేరు పిలిచారు. స్టిక్స్ పట్టుకుని లోపలికి పోయాడు, వెనక్కి తిరిగి చూడలేదు. నేనూ రవళీ కూర్చున్నాం. మధ్య కుర్చీలో వాడి సంచీ.

మొదటి పీసు తలుపులో నుంచి వినబడింది. బాగుంది. రెండోది కూడా బాగానే అయింది. మూడోది మొదలైంది. ఆ ఖాళీ వచ్చింది, డ్రమ్స్ ఆగాయి, పాట ఒక్కటే సాగుతోంది. రవళి వేలు మోకాలి మీద కదులుతోంది. నేను ఆ వేలినే చూస్తున్నాను. అది గట్టిగా ఒక్క దెబ్బ వేసి ఆగింది.

డ్రమ్స్ మొదలు కాలేదు.

పాట ముందుకు పోతూనే ఉంది. రవళి మొహం తెల్లబోయింది. నేను కుర్చీ చేతిని పట్టుకున్నాను. లోపలికి పోయి వాడి పక్కన నిలబడి ఒకటీ అని అరవాలనిపించింది, వన్ అనైనా సరే. ఒక లైను పోయింది. అప్పుడు దబ్బున దిగింది డ్రమ్ము, దిగి పాటతో కలిసింది.

"వచ్చిండు," అంది రవళి ఊపిరి వదిలి.

తలుపు తెరుచుకుంది. ఇద్దరం ఒకేసారి లేచాం. ఇన్నాళ్ళూ నేను ఊహించుకున్న తలుపు అదే. రిషి బయటికి వచ్చాడు. మమ్మల్ని చూశాడు. స్టిక్స్‌తో ఆగండి అన్నట్టు చేయి చూపించి, కిటికీ దగ్గరికి నడిచాడు.

కిటికీ దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. వాడి వయసే ఉంటుంది. ఆమె చేతిలోనూ స్టిక్స్ ఉన్నాయి, వీడికంటే ముందు పరీక్ష ముగించుకున్నట్టుంది.

"మూడోదాంట్ల గ్యాప్ తర్వాత లోపలికే రాలేకపోయిన చంద్రికా," అన్నాడు. గొంతు తగ్గించాడు గానీ మాకు వినబడుతూనే ఉంది. "చేతులు గాల్లనే ఉండిపోయినయ్. ఏడుపొచ్చింది నిజంగ. ఒక లైను అట్లనే పోయింది."

"నాకు సుత పోయింది," అంది ఆ పిల్ల. "మరి ఎట్ల కలిసినవ్?"

"ఏమో. లెక్క మర్చిపోయిన. పాట విన్న, దిగిన. అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు మా దగ్గరికి వచ్చాడు.

"ఎట్లయింది బిడ్డా?" అని నేనూ, "ఎట్లయింది రా?" అని రవళీ ఒకేసారి అడిగాం.

"మంచిగనే అయింది," అన్నాడు రిషి. మంచినీళ్ళ సీసా తీసుకుని తాగి, మూత పెట్టి నా చేతికిచ్చాడు. సంచీ రవళి చేతికిచ్చాడు. "చంద్రికోల్లు కింద దోశ తింటరంట. వాళ్ళ డాడీ పిలుస్తుండు. నేను సుత పోనా?"

నేను తలూపానో లేదో గుర్తులేదు. వాడు అప్పటికే మెట్ల దగ్గరున్నాడు.

సీసా పట్టుకుని నేనూ, సంచీ పట్టుకుని ఆమె నిలబడ్డాం. ఆ పాత మంట మళ్ళీ లేచింది, ఈసారి ఎవరి మీదకు పోవాలో దానికే తెలియలేదు. పక్కకు తిరిగి చూశాను. రవళి కింది పెదవి కొరుక్కుంటోంది. ఆ వానాకాలమంతా నేను అద్దంలో చూసుకున్న మొహమే ఆమెకు వచ్చింది.

"ఏడుపొచ్చిందంట అక్కా వానికి," అంది.

"విన్న."

"మనకెందుకు చెప్పలే?"

మెట్ల మీద వాళ్ళిద్దరి చెప్పుల చప్పుడు కిందికి దిగిపోతోంది.

"ఎవరక్కా ఆ పిల్ల? నీకు తెల్సా?" అంది రవళి.

"నాకేం తెల్సు? జుట్టు చూసినవా, దువ్వెన తగిలినట్టే లేదు."

రవళి నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. నేను సీసా సంచీలో పెట్టి, సంచీ భుజానికి తగిలించుకున్నాను.

"పద," అన్నాను.

"ఏడికి?"

"దోశ తిందాం. వాళ్ళకు కనవడకుంట ఎన్క టేబులు కాడ కూసుందాం."